పిన్ని చేతులు కట్టేయకండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఆయన నాకు మేనబావ. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయిని నా తమ్ముడికే ఇచ్చాం, వాళ్ళు గుణుపురంలో ఉంటారు. చిన్నమ్మాయికి 20 ఏళ్ళు, పుట్టుకతోనే వినపడదు. బధిరుల హాస్టలు బడిలో పదో తరగతి దాకా చదివింది, సైగలతోనే మాట్లాడుతుంది. చెవి మిషను కొనిస్తే పెట్టుకోదు, తీసి పోపుల డబ్బాలో పడేస్తుంది. విశాఖపట్నంలో ఉన్న మా మరిది, తలలో మిషను పెట్టే ఆపరేషనుకు డబ్బు తానే ఇస్తానని, అది చేయిస్తే సంబంధాలు కుదురుతాయని అంటున్నాడు. అతని ఆఫీసులో ఒకాయన 50 ఏళ్ళ వయసులో అది చేయించుకుని ఇప్పుడు ఫోనులో మాట్లాడుతున్నాడట. మా పిల్ల మాత్రం ససేమిరా అంటోంది. "నా తల నాది" అని చేతులతో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఇంతలో పెద్దమ్మాయి బాబుకు కూడా వినపడదని విశాఖలో పరీక్ష చేసి తేల్చారు. వాడికి 13 నెలలు. ఆపరేషను త్వరగా చేయించమన్నారు. సైగలు అలవాటైతే మాటలు రావని తెలిసినవాళ్ళు చెప్పగా, బాబు దగ్గర సైగలు చేయవద్దని చిన్నమ్మాయికి చెప్పాం. ఆ రోజు నుంచి అది బాబును ఎత్తుకోవడం మానేసింది, సరిగా అన్నం తినడం లేదు. ఇంట్లో మేము తెలుగు మాట్లాడతాం, వీధిలోనూ బడిలోనూ ఒడియా. బాబుకు ఏ భాష నేర్పాలో కూడా తెలియడం లేదు. మేనరికాల వల్లే ఇదంతా అని బంధువులు నన్నే అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు రెండు ఆపరేషన్ల గురించి అడిగారు. నేను మాత్రం మీరు అడగని విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి డబ్బూ అక్కర్లేదు, డాక్టరూ అక్కర్లేదు, ఇది చదివిన పూటే సరిదిద్దుకోవచ్చు. బాబు దగ్గర సైగలు చేయవద్దని మీ చిన్నమ్మాయికి చెప్పిన మాటను వెనక్కి తీసుకోండి. ఆమె ఎదురుగా కూర్చుని, మీకు వచ్చిన సైగలతోనే, పొరపాటు మాదని చెప్పండి. ఇన్నేళ్ళుగా తాను మాట్లాడుతున్న భాష పసివాడికి సోకకూడని జబ్బు అన్నట్టుగా ఇంట్లోవాళ్ళే చూస్తే ఏ మనిషికైనా ముద్ద దిగదు.

ఆ సలహా మీకు ఎవరిచ్చారని నేను నిలదీయను, ఎందుకంటే ఒకప్పుడు నేనే ఆ సలహా ఇచ్చాను. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, కాశీనగరం వైపు నుంచి ఒక తల్లి మూడేళ్ళ కొడుకును తీసుకువచ్చింది. మిషను వచ్చేలోగా సైగలు అలవాటు చేయవద్దని, నోటితోనే మాట్లాడమని ఆమెకు గట్టిగా చెప్పాను. రకరకాల ఇబ్బందుల వల్ల మిషను చాలా ఆలస్యమైంది. ఏడాది దాటాక ఆమె మళ్ళీ వచ్చినప్పుడు, పరీక్ష గది బయట బెంచీ మీద నేను చూసిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. పిల్లవాడు నీళ్ళ కుండ వైపు చూస్తూ తల్లి మోచేయి పట్టుకుని ముందుకు లాగుతున్నాడు. ఆమె రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, పెదవులు మాత్రం కదిలిస్తూ "నీళ్ళా? నీళ్ళు కావాలా?" అని అడుగుతోంది. నేను చెప్పినట్టే చేస్తోంది. ఆ అబ్బాయికి అప్పటికి నాలుగేళ్ళు దాటాయి, ఏ భాషలోనూ ఒక్క మాట లేదు. చెవుల వల్ల కాదు, నా సలహా వల్ల ఏడాదికి పైగా వాడు భాష లేకుండా గడిపాడు. ఆ తరువాత నేను ఏ తల్లికీ ఆ మాట చెప్పలేదు.

ఆ అపోహకు పెద్ద చరిత్రే ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల విద్య గురించి జరిగిన అంతర్జాతీయ మహాసభ, బడుల్లో సైగలు మానిపించి నోటి మాట మాత్రమే నేర్పాలని తీర్మానించింది. ఆ నిర్ణయం చేసినవారిలో దాదాపు అందరూ వినికిడి ఉన్నవాళ్ళే. దాని ప్రభావం దేశదేశాల బడుల మీద నూరేళ్ళకు పైగా ఉంది. చివరకు 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే పరంపర మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చి, జరిగిన హానికి విచారం తెలిపింది.

సైగలు మెదడులో మాటల చోటును ఆక్రమిస్తాయని కొందరు భయపడతారు. మెదడు పనితీరు అలా ఉండదు. కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో ఉర్సులా బెలూగి, ఎడ్వర్డ్ క్లిమా తమ సహచరులతో కలిసి, పక్షవాతం వచ్చిన బధిరులను పరిశీలించి 1987లో ఆ ఫలితాలను పుస్తకంగా వెలువరించారు. మెదడు ఎడమ భాగంలో దెబ్బ తగిలినవారు చేతులు కదిలించగలిగినా సైగలతో వాక్యం కట్టలేకపోయారు. మనకు అదే చోట దెబ్బ తగిలితే నోటి మాట ఎలా చెదిరిపోతుందో వాళ్ళకు సైగ భాష అలాగే చెదిరిపోయింది. అంటే చేతులతో పలికినా నోటితో పలికినా మెదడు దాన్ని భాషగానే పట్టుకుంటుంది. పసివయసులో ఏదో ఒక భాష నిండుగా అందిన పిల్లవాడికి రెండో భాష నేర్చుకోవడానికి పునాది ఉంటుంది. ఏదీ అందని వాడికి ఆ పునాదే పడదు.

ఇక బాబు సంగతికి వస్తాను. ఇక్కడ మాత్రం నేను తొందరపెడతాను.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా అనే చిన్న భాగం ఉంటుంది. అందులో సన్నని వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. వాటిలో శబ్దపు కబురును నాడి ద్వారా మెదడుకు చేరవేసేవి ముఖ్యంగా మూడున్నర వేలు. హార్మోనియం మెట్ల వరసలాగా, కీచు స్వరాలు ఆ నత్తగుల్ల మొదట్లోనూ బొంగురు స్వరాలు లోపలి చివరి చుట్టులోనూ పలుకుతాయి. పుట్టు చెవుడు ఉన్న పిల్లల్లో చాలామందికి పనిచేయనివి ఈ కణాలే. చెవి వెనక తగిలించే మామూలు మిషను శబ్దాన్ని పెద్దది చేసి ఆ కణాలకే అందిస్తుంది గనుక, కణాలు కొంతైనా మిగిలి ఉంటేనే దాని వల్ల ప్రయోజనం. తలలో మిషను అని మీరు రాసిన కాక్లియర్ ఇంప్లాంటు పద్ధతి వేరు. చెవి వెనక పెట్టే యంత్రం శబ్దాన్ని పట్టి సంకేతాలుగా మారుస్తుంది, తలకు అయస్కాంతంతో అతుక్కునే చిన్న బిళ్ళ ఆ సంకేతాలను చర్మం కింద అమర్చిన భాగానికి పంపుతుంది, అక్కడి నుంచి కాక్లియాలోకి దూర్చిన సన్నని తీగ కణాలతో పని లేకుండా నేరుగా నాడిని మీటుతుంది. ఆ తీగ మీద ఉండే విద్యుత్ మొనలు మహా అయితే ఇరవై పైచిలుకు, కొన్ని కంపెనీల వాటిలో ఇంకా తక్కువ. మూడున్నర వేల కణాలు చేసే పనిని ఆ కొద్ది మొనలు చేయాలి. వాటి నుంచి వచ్చే అరకొర సంకేతాన్ని అమ్మ గొంతుగా, అత్త పిలుపుగా, తెలుగు మాటగా కూర్చుకోవలసింది మెదడే. అందుకే వయసుకు ఇంత ప్రాముఖ్యం వచ్చింది.

అమెరికాలో పనిచేస్తున్న అను శర్మ, ఆమె సహచరులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంప్లాంటు పెట్టిన పిల్లలకు శబ్దం వినిపించి, దానికి మెదడు స్పందించడానికి ఎంత సమయం పడుతోందో కొలిచారు. మూడున్నరేళ్ళలోపు ఇంప్లాంటు పెట్టినవారిలో ఎక్కువమందికి ఆ స్పందన వినికిడి ఉన్న పిల్లల స్థాయికి చేరింది. ఏడేళ్ళు దాటాక పెట్టినవారిలో ఎక్కువమందికి చేరలేదు. శబ్దం అందని భాగాన్ని మెదడు బీడుగా ఉంచదు, వేరే పనులకు కేటాయించుకుంటుంది. మీ బాబుకు 13 నెలలే. ఇంప్లాంటు వల్ల మేలు కలిగే అవకాశం ఇప్పుడు బాగా ఉంది, ఒక్కో ఏడాది గడిచేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. తల్లిదండ్రులుగా మీ కూతురూ అల్లుడూ ఇంప్లాంటు వైపు మొగ్గితే నేను దాన్ని సమర్థిస్తాను. పెద్దయ్యాక యంత్రం పక్కన పెట్టేయాలనుకుంటే వాడు పెట్టేయగలడు, కానీ ఈ వయసు మాత్రం మళ్ళీ తిరిగి రాదు.

ఆపరేషను తేదీ వచ్చేదాకా ఖాళీగా కూర్చోకండి. రెండు చెవులకూ మామూలు మిషన్లు వెంటనే పెట్టించండి. ఎలాగూ ఇంప్లాంటుకు ముందు కొన్నాళ్ళు మిషను వాడి చూడమంటారు, అది ఎంత వరకు ఉపయోగపడుతోందో తెలియాలి కదా. పసివాళ్ళ చెవి నెల నెలా పెరుగుతుంది గనుక చెవిలో దూర్చే అచ్చు త్వరగా వదులైపోయి కూతపెడుతుంది. మిషను చెడిపోయిందనుకోకుండా కొత్త అచ్చు చేయించండి. సీటీ, ఎమ్మారై స్కానుల్లో కాక్లియా ఆకారం, వినికిడి నాడి సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. నాడి లేకపోతే ఇంప్లాంటు వల్ల లాభం ఉండదు గనుక ఆ నివేదిక గురించి డాక్టరుగారిని స్పష్టంగా అడగండి. ఇంప్లాంటు పెట్టినవారికి మెదడు పొరల వాపు జ్వరం వచ్చే ప్రమాదం కొంత ఎక్కువ, అందువల్ల న్యుమోకోకల్ టీకా ముందే వేయించాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద పసిపిల్లలకు ఇంప్లాంటు ఉచితంగా దొరికే వీలుంది. దాని బాధ్యత ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థది. ఆ సంస్థకు సికింద్రాబాదులోనూ, భువనేశ్వర్ దగ్గర జానలాలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. మీ పెద్దమ్మాయి కాపురం గుణుపురంలో, అంటే రాయగడ జిల్లాలో గనుక వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, ఆదాయ పత్రం అక్కడి నుంచే తీసుకోవాలి. పాతపట్నంలోని చుట్టాల కార్డులో బాబు పేరు చేర్పించి ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవలో (పాత ఆరోగ్యశ్రీలో) ఆపరేషను చేయించమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. మన సరిహద్దు ఊళ్ళలో ఈ మాట తరచు వినిపిస్తుంది. వినకండి. ఆ పథకం అక్కడి నివాసులకు ఉద్దేశించింది. అబద్ధపు పత్రం ఎక్కడో ఒకచోట ఆగిపోతే, బాబుకు అన్నిటికంటే విలువైన నెలలు వృథా అవుతాయి.

ఆపరేషను రెండు మూడు గంటల పని. తరువాతిది ఏళ్ళ పని. గాయం మానాక, సాధారణంగా మూడు నాలుగు వారాలకు యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేస్తారు. ఆ రోజు పిల్లలు నవ్వే వీడియోలు ఫోనుల్లో తిరుగుతుంటాయి. మీ బాబు ఉలిక్కిపడి ఏడవవచ్చు, లేదా ఏమీ పట్టనట్టు బొమ్మతో ఆడుకోవచ్చు. రెండూ మామూలే. వాడి వినికిడి వయసు ఆ రోజే మొదలవుతుంది. తరువాత మ్యాపింగ్ అని, ఒక్కో మొన ఎంత బలంగా మీటాలో సరిచూసే పనికి మొదటి ఏడాదిలో చాలాసార్లు వెళ్ళాలి. స్పీచ్ థెరపీకి వారం వారం వెళ్ళాలి. గుణుపురం నుంచి విశాఖకు రైలుంది, కానీ చంటిపిల్లవాడితో ఆ ప్రయాణం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఎవరు తీసుకువెళ్ళాలి, కూలీ పోగొట్టుకునేది ఎవరు, వారంటీ అయిపోయాక తీగలకూ బ్యాటరీలకూ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అనేవి ఆపరేషనుకు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆపరేషను చేయించి, థెరపీ మానేసి, యంత్రాన్ని బీరువాలో దాచిన ఇళ్ళు నేను చూశాను. ఆ తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు, దారి ఖర్చు లేక.

థెరపీ అంటే ఆసుపత్రి గదిలో జరిగేది మాత్రమే కాదు. కుక్కరు కూత వేసినప్పుడు పొయ్యి ఆపేయడానికి పరుగెత్తకుండా, బాబును ఎత్తుకుని, మీ చెవి మీద వేలు పెట్టి చూపించి, ఒక క్షణం ఆగి, వాడు కుక్కరు వైపు తల తిప్పేదాకా చూసి, అప్పుడు "కుక్కరు! అన్నం అయింది!" అనండి. ఆ ఆగడంలోనే నేర్పంతా ఉంది. శబ్దం వచ్చింది, అది ఫలానా చోటు నుంచి వచ్చింది, దానికి ఒక పేరుంది అని మెదడు కలుపుకోవడానికి వాడికి వ్యవధి కావాలి. రోజులో ఇలాంటివి వందసార్లు దొరుకుతాయి.

ఇప్పుడు మీ చిన్నమ్మాయి అవసరం ఎక్కడ వస్తుందో చూడండి. ఇంప్లాంటు యంత్రం నిద్రపోయేటప్పుడు తీసేస్తారు. స్నానం చేయించేటప్పుడు తీస్తారు, మహేంద్రతనయ ఏట్లో దిగినా సాధారణంగా తీస్తారు. తీగ తెగినా, ఛార్జింగు లేకపోయినా పనిచేయదు. బిళ్ళ ఊడిన ఆ క్షణం నుంచి బాబుకు మళ్ళీ ఏమీ వినపడదు. అర్ధరాత్రి జ్వరంతో లేచిన పిల్లవాడు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పాలంటే వాడికి చేతుల్లో ఒక భాష ఉండాలి. పైగా ఇంప్లాంటు పెట్టిన పిల్లలందరికీ ఒకే రకంగా మాటలు వస్తాయని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. వస్తే వాడికి రెండు భాషలుంటాయి, ఆశించినంత రాకపోతే ఒక నిండైన భాష ఉంటుంది. బధిరులైన పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు, అలాంటి చాలా ఇళ్ళలో సైగ భాష తెలిసినవారు ఒక్కరూ ఉండరు. మీ బాబుకు పుట్టేసరికే పిన్ని ఉంది. మిగతా ఇంటివాళ్ళు కూడా ఆమె దగ్గర నేర్చుకోండి. ఢిల్లీలో 2015లో మొదలైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10 వేల మాటల సైగల నిఘంటువును వీడియోల రూపంలో ఇచ్చింది, అది ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. మీ అమ్మాయి హాస్టలులో నేర్చిన సైగలకూ వాటికీ అక్కడక్కడా తేడా ఉంటే, ఇంట్లో ఆమె సైగనే ప్రమాణంగా తీసుకోండి.

భాష గురించి అడిగారు. బాబుతో తెలుగులో మాట్లాడండి. పసివాడికి అందాల్సింది వెతుక్కుని పలికే మాట కాదు. జోల పాడేటప్పుడు, కోప్పడేటప్పుడు, కబుర్లాడేటప్పుడు మీ నోటికి దానంతటదే వచ్చే మాట అందాలి. థెరపిస్టు ఒడియా మాట్లాడేవారైతే పద్ధతి వారి దగ్గర నేర్చుకుని ఇంటికి వచ్చి తెలుగులో చేయండి. ఒడియా గురించి బెంగపడకండి. గుణుపురంలో, పర్లాకిమిడిలో మన పిల్లలు వీధిలో ఆడుకుంటూ ఒడియా ఎలా పట్టుకుంటారో, ఒక భాష గట్టిగా వచ్చాక వాడూ అలాగే పట్టుకుంటాడు.

మీ చిన్నమ్మాయి విషయం పూర్తిగా వేరు. మీ మరిదిగారు ఇక్కడే పొరబడ్డారు. ఆయన ఆఫీసులోని పెద్దమనిషి యాభై ఏళ్ళ వయసులో ఇంప్లాంటు పెట్టించుకుని ఫోనులో మాట్లాడుతున్నాడంటే నేను నమ్ముతాను, ఎందుకంటే ఆయన చెవులు పోయేనాటికి ఆయన మెదడులో భాష ధ్వని రూపంలో స్థిరపడి ఉంటుంది. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనేక మొనలున్న ఇంప్లాంటును మొదట అమర్చింది కూడా పెద్దయ్యాక వినికిడి పోయిన వ్యక్తికే. దీనికి మీ ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, మలేరియా తగిలి, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. అయినా తెలుగూ సవరా ఆయన మెదడులో చెక్కుచెదరకుండా ఉన్నాయి గనుకనే వ్యావహారిక భాష కోసం వాదించగలిగారు, 1931లో సవర భాషా వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ తీసుకురాగలిగారు. ఆ రోజుల్లో ఇంప్లాంటు ఉండి ఉంటే అలాంటివారికి అది ఎంతో మేలు చేసేది. పోయినదాన్ని మెదడు గుర్తుపట్టి తిరిగి అందుకుంటుంది.

మీ అమ్మాయికి పోయినదంటూ ఏమీ లేదు. ఆమె మెదడు ఇరవై ఏళ్ళుగా కళ్ళతోనూ చేతులతోనూ ఎదిగింది. పుట్టు బధిరులు సైగ భాషను చూస్తున్నప్పుడు, మనకు శబ్దంతో మేల్కొనే మెదడు ప్రాంతంలో కొంత భాగం వాళ్ళకు మేల్కొంటుందని జపాను పరిశోధకులు 1999లో చూపించారు. ఆమె తలలో ఆ చోటు ఖాళీగా లేదు, పనిలో ఉంది. ఇప్పుడు ఇంప్లాంటు పెడితే తలుపు చప్పుడు, లారీ హారను, ఎవరో పిలుస్తున్నారన్న స్పృహ అందవచ్చు. వాటిని ఇష్టపడేవారూ ఉన్నారు. కానీ ఈ వయసులో మొదటిసారి శబ్దం అందిన వారిలో ఎక్కువమందికి పెదవులు చూడకుండా మాటలు అర్థమయ్యే స్థాయి రాదు. కొందరికి అదంతా అర్థంలేని రొదగా తోచి, తీసి పక్కన పెట్టేస్తారు. మిగిలి ఉన్న కొద్దిపాటి సహజ వినికిడి ఆపరేషనులో పోయే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ తెలిసి కూడా కావాలని ఆమె అడిగితే నేను ఆమె పక్కన నిలబడతాను. వద్దంటే కూడా ఆమె పక్కనే నిలబడతాను. చట్టప్రకారం చూసినా 20 ఏళ్ళ వ్యక్తి ఆపరేషనుకు ఒప్పుకోవలసింది ఆ వ్యక్తే.

"నా తల నాది" అన్న మాటను మీరు మొండితనంగా రాశారు. నాకది చక్కని వాదనగా కనిపించింది. అమెరికాలో బధిరుల జాతీయ సంఘం, పసిపిల్లలకు ఇంప్లాంటు పెట్టడాన్ని 1991లో గట్టిగా వ్యతిరేకించింది, 2000లో తన వైఖరిని సవరించుకుని, కుటుంబాలు పూర్తిగా తెలుసుకుని నిర్ణయించుకోవాలని, సైగ భాషను మాత్రం వదలకూడదని చెప్పింది. మీ అమ్మాయి పర్లాకిమిడిలో మీ నట్టింట్లో నిలబడి అడుగుతున్నది, ప్రపంచంలో చాలామంది బధిరులు చదువుకుని, చర్చించి అడిగిన ప్రశ్నే.

ఆమె మిషనును పోపుల డబ్బాలో ఎందుకు పడేస్తోందో ఎప్పుడైనా అడిగారా? తీవ్రమైన చెవుడు ఉన్నవారికి మిషను శబ్దాన్ని పెద్దది చేస్తుందే గాని స్పష్టంగా చేయలేదు. ఒక మోతాదు దాటితే ఆ శబ్దం బాధ పెడుతుంది. అచ్చు సరిపోక చెవి పుండు పడి ఉండవచ్చు. లేదా అది పెట్టుకున్న పూట అందరూ ఆమెతో సైగలు మానేసి నోటితోనే మాట్లాడుతూ ఉండవచ్చు. కారణం ఆమెకే తెలుసు, వినే ఓపిక మీకు ఉంటే చెబుతుంది.

సంబంధాల కోసం ఆపరేషను అనే ఆలోచనను దయచేసి మానుకోండి. చెవి వెనక యంత్రం, తల మీద బిళ్ళ పెళ్ళిచూపుల్లో ఎలాగూ కనిపిస్తాయి, యంత్రం తీసిన రాత్రి ఆమె ఎప్పటిలాగే ఉంటుంది. ఆమెతో సైగల్లో మాట్లాడగల వాడు, బధిరుడైనా కాకపోయినా, ఆమెకు తగిన వరుడు. పెళ్ళి ఎప్పుడన్నది కూడా ఆమెనే అడగండి.

మీ మరిదిగారి మనసు మంచిది. ఆ డబ్బుకు వేరే దారి చూపించండి. సైగ భాషను బోధించే ఉపాధ్యాయులుగా బధిరులకే శిక్షణ ఇచ్చే డిప్లొమా ఢిల్లీలోని ఆ సంజ్ఞా భాషా కేంద్రంలో ఉంది. అందులో చేరాలంటే ఇంటరు చదవాలి. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 2021 నుంచి సెకండరీ స్థాయిలో భారతీయ సంజ్ఞా భాషను ఒక పాఠ్యాంశంగా పెట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో బధిరులకూ వినికిడి లోపం ఉన్నవారికీ ఒక శాతం కేటాయింపు ఉంది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు. మీ అమ్మాయిని చదివించడానికి మీ మరిదిగారు ముందుకొస్తే అంతకన్నా ఏం కావాలి?

మేనరికం మాటకు వస్తాను. వంశపారంపర్యంగా వచ్చే చెవుడులో తరచు కనిపించే ఒక కారణం కనెక్సిన్ 26 అనే ప్రొటీనును తయారుచేసే జన్యువులో లోపం. దానికీ చెవుడుకూ ఉన్న సంబంధం 1997లో బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ లోపంతో వస్తేనే బిడ్డకు వినపడదు. ఒక ప్రతిలో మాత్రమే లోపం ఉన్నవారికి ఏ ఇబ్బందీ ఉండదు, తమలో అది ఉందని కూడా తెలియదు. దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళి జరిగితే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. తండ్రి వంతు లేకుండా తల్లి ఒక్కతి వల్ల ఇలాంటి చెవుడు రాదు గనుక మిమ్మల్ని మాత్రమే నిందించేవారికి ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో కారణం ఇదేనా అన్నది రక్త పరీక్షలో తేలుతుంది. ఇదే అయితే మీ పెద్దమ్మాయికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే జన్యు సలహా తీసుకోమనండి, బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష చేయించమనండి.

బాబును మళ్ళీ విశాఖ తీసుకువెళ్ళేటప్పుడు బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నాడి, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) నివేదిక, టీకాల కార్డు, పుట్టిన తేదీ పత్రం వెంట ఉంచుకోండి. మీ చిన్నమ్మాయిని కూడా తీసుకువెళ్ళండి. నిరీక్షణ గదిలో గంటల తరబడి కూర్చోవాలి, అక్కడ బాబుతో తెరిపి లేకుండా కబుర్లు చెప్పగలిగేది ఆమే. ఇంకొక మాట. బధిరుల్లో ఒక ఆచారం ఉంది. ప్రతి మనిషికీ సైగల్లో విడిగా ఒక పేరుంటుంది, బుగ్గ మీది సొట్టను బట్టో, నవ్వును బట్టో, ఏదో ఒక అలవాటును బట్టో తోటి బధిరులు ఆ పేరు పెడతారు. మీ బాబుకు అలాంటి పేరు పెట్టవలసింది పిన్నే. బహుశా వాడు పుట్టిన వారంలోనే ఆమె పెట్టేసి ఉంటుంది. అడిగి, ఆ సైగ మీరూ నేర్చుకుని, రేపు పొద్దున్న వాడు నిద్ర లేవగానే ఆమె ఎదుటే ఆ పేరుతో వాణ్ణి పిలవండి.